కరొనెట్ పట్టీకి గుండ్లు అతకడం లేదు, ఉపాయం చెప్పగలరు

డల్లాస్ తమ్ముడు: సభ్యులందరికీ నమస్కారం. మధ్యయుగపు జీవితాన్ని వేషాలతో, పోటీలతో తిరిగి ఆడే సంస్థ సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం వారి ఉత్సవం కోసం కరొనెట్ (హోదా గలవారు పెట్టుకునే చిన్న కిరీటం) తయారు చేస్తున్నాను. బంగారు రంగు పట్టీని గుండ్రంగా వంచి, పై అంచున ఆరు గుండ్లను టంకంతో అతికించాలని మధ్యాహ్నం నుంచి కుస్తీ పడుతున్నాను. టంకం పూసల్లా విడిపోయి జారిపోతోందే తప్ప పట్టీని పట్టుకోవడం లేదు. టంకం పట్టడానికి పూసే ఫ్లక్సు మార్చాను, వేడి పెంచాను, చివరికి రెండు గుండ్లు నల్లబడ్డాయి. ఉత్సవం శనివారమే.

లోహం పని: పట్టీ ఏ లోహం?

చరిత్ర ప్రియ: టంకం సంగతి తరువాత చూడవచ్చు గాని, అసలు ఆ ఆరు గుండ్లే మధ్యయుగానికి చెందినవి కావు. ఇంగ్లండు ప్రభువుల్లో అన్నిటికన్నా కింది హోదా అయిన బారన్లకు కరొనెట్ ధరించే హక్కు రెండవ చార్లెస్ 1661లో ఇచ్చాడు. నేటి బ్రిటిష్ పద్ధతిలో ప్రభువుల హోదాను బట్టి డ్యూకుకు ఎనిమిది స్ట్రాబెర్రీ ఆకులు, మార్క్వెస్‌కు నాలుగు ఆకులూ నాలుగు గుండ్లూ, వైకౌంట్‌కు పదహారు గుండ్లు, బారన్‌కు ఆరు. 17వ శతాబ్దానికి ముందటి కాలాన్నే పాటిస్తామనే సంస్థలో ఈ గుండ్లు కనబడినప్పుడల్లా నాకు మింగుడుపడదు.

ఆస్టిన్ అక్క: ముందు ఇది ఎవరి కోసమో చెప్పు తమ్ముడూ. ఆరు గుండ్లు మన దగ్గర బారన్ గుర్తు. హోదా లేనివారు పెట్టుకుని వస్తే పక్కకు పిలిచి తీయమంటారు.

డల్లాస్ తమ్ముడు: నా కోసం కాదక్కా. మా మిత్రుడికి శనివారం దర్బారులో రాజుగారు బారన్ హోదా ఇస్తున్నారు, ఆ సంగతి అతనికి తెలియదు.

చరిత్ర ప్రియ: బారనీ (బారన్ కింద ఉండే ప్రాంతం) లేకుండా బారన్ ఏమిటి?

ఆస్టిన్ అక్క: రాజు తరఫున ఒక ప్రాంతాన్ని చూసుకునే బారన్ వేరు, సేవకు మెచ్చి దర్బారులో ఇచ్చే హోదా వేరండీ. ఇక్కడ రాజునే కత్తియుద్ధపు పోటీలో గెలిచినవాణ్ణి చేస్తారు, ఒకసారి ఏలినవాడు కౌంట్, రెండుసార్లు ఏలినవాడు డ్యూక్ అవుతాడు; దీనికి లండన్ లెక్కలు తెస్తే ఎలా?

చరిత్ర ప్రియ: గుండ్లు మాత్రం లండన్ నుంచే వచ్చాయి కదా.

లోహం పని: లోహం ఏదో ఇంకా చెప్పలేదు. పట్టీ లోపలివైపు సూదితో గీసి చూడండి. పసుపు రంగు కింద తెల్లగా కనబడి, చేతిలో తేలిగ్గా ఉంటే అది అల్యూమినియం. గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, అందుకే మామూలు టంకం పట్టదు. ఎంత వేడి చేసినా గుండ్లు మాడడమే మిగులుతుంది. టంకం మానేసి, పై అంచు కొనల్లో సన్న రంధ్రాలు వేసి, రంధ్రమున్న గుండ్లను ఇత్తడి తీగతో బిగించి, తీగ కొసలను లోపలికి మడిచి పైన మెత్తటి తోలు అంటించండి, లేకపోతే నుదురు గీసుకుంటుంది.

డల్లాస్ తమ్ముడు: గీశాను, తెల్లగానే ఉంది. తీగ కోసం బజారుకు వెళ్తున్నాను. ధన్యవాదాలు.

చరిత్ర ప్రియ: గుండ్ల బదులు పూల ఆకారాలు పెట్టి ఉంటే ఈ బాధే ఉండేది కాదు. ఫ్రాన్సు పద్ధతి గురించి ఎవరైనా ఆసక్తి చూపితే వివరంగా రాస్తాను.