గైనిక్ ఆరుసార్లు తినమంటది, పండ్ల డాక్టరేమో వద్దంటడు, ఏం చేయాలె?

నల్గొండ_పిల్ల:
నాకిప్పుడు ఆరో నెల. పోయిన నెల టెస్టుల షుగర్ ఎక్కువొచ్చింది, ఒక్కసారే కడుపునిండ తినొద్దు, మూడు పూటలు కొంచెం కొంచెం తిని మధ్యల మూడుసార్లు ఏదన్న తిను అని గైనిక్ మేడం చెప్పింది. సరే అని అట్లనే తింటున్న. మొన్న చల్లనీళ్లు తాగంగనే కుడిదిక్కు పన్ను జివ్వుమంది, చూపిస్తే రెండు పుచ్చినయ్, మాటిమాటికి తింటే గిట్లనే అయితది మధ్యల ఏం ముట్టకు అన్నడు ఆ డాక్టరు. ఎవరి మాట ఇనాలె? మా అత్తమ్మ అయితే కడుపుతోని ఉన్నవ్, పండ్ల సంగతి తర్వాత చూద్దాం తిను అంటది.

పెసరట్టు_ప్రియ:
మీ అత్తగారి మాట సగం కరెక్టే, తినడం మాత్రం మానకండి. నాకు రెండో కాన్పులో ఇదే గోల. నేను చేసిన తప్పేంటంటే ఆఫీసు డెస్క్ మీద మేరీ బిస్కెట్ ప్యాకెట్ విప్పి పెట్టుకుని అరగంటకొకటి నములుతూ ఉండేదాన్ని, పక్కన ఫ్లాస్కులో టీ, గుటకా గుటకా సాయంత్రం దాకా. లెక్కేస్తే అది ఆరుసార్లు కాదు ఇరవైసార్లు! తర్వాత పదకొండింటికోసారి నాలుగింటికోసారి ఉడికించిన శనగలో పల్లీలో గుడ్డో, పది నిమిషాల్లో తినేసి డబ్బా మూత పెట్టేసేదాన్ని, ఇక మంచినీళ్లే.

బెల్లం_బ్యాచ్:
పంచదార మానేసి బెల్లం, ఖర్జూరం వాడండి, నేచురల్ కదా ఏం కాదు.

పళ్ల_పంతులమ్మ:
డెంటిస్ట్‌ని. బెల్లం గారూ, పంటి మీదున్న బాక్టీరియాకి బెల్లమైనా పంచదారైనా ఒకటే, ఈవిడ షుగర్‌కి కూడా అంతే, పైగా ఖర్జూరం పళ్ల సందుల్లో ఇరుక్కుని చాలాసేపు ఉంటుంది.
తీపో పిండిపదార్థమో తిన్న కొన్ని నిమిషాలకే పంటి మీద పాచిలో బాక్టీరియా యాసిడ్ చేస్తుంది, పీహెచ్ (ఎంత తగ్గితే అంత యాసిడ్ ఎక్కువని లెక్క) 5.5 కంటే కిందకి పడుతుంది, అప్పుడు ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలు. లాలాజలం దాన్ని మళ్లీ సర్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది, అంతలోపే ఇంకో బిస్కెట్ పడితే కథ మళ్లీ మొదటికి. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే చోట 1940ల్లో మానసిక వైకల్యం ఉన్నవాళ్లకి బంక టాఫీలు పెట్టి మరీ చూశారు (ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండుతుంది), భోజనంతో కలిపి తిన్న తీపి కంటే మధ్యమధ్యలో నమిలిన టాఫీలకే పళ్లు బాగా పాడయ్యాయి. కాబట్టి మీరు రెండున్నర గంటల గ్యాప్‌తో ఆరుసార్లు తినొచ్చు, మధ్యలో చక్కెర టీ గుటకలు మాత్రం వద్దు. రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది, అందుకే పడుకునే ముందు తినేది ఉంటే అది అయ్యాకే బ్రష్ చేసి పడుకోండి. ఇన్సులిన్ మీద ఉండి షుగర్ డౌన్ అయితే మాత్రం పళ్ల గురించి ఆలోచించకండి, వెంటనే గ్లూకోజ్ వేసుకుని తర్వాత నీళ్లు పుక్కిలించండి.

నల్గొండ_పిల్ల:
థాంక్స్ అక్కా. నాకు ఇంక వాంతులు కూడ తగ్గలే. ఇంకోటి, మా దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్‌తోని ఎంతమంది పండ్లు పచ్చవడ్డయో చిన్నప్పటి సంది చూసిన, ఫ్లోరైడ్ పేస్టంటేనే భయం.

పళ్ల_పంతులమ్మ:
ఆ మరకలు పళ్లు ఎముకలో తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే వచ్చేవి, మీకు ఆ వయసు దాటిపోయింది. పేస్టు మింగకుండా ఉమ్మేస్తే చాలు, ఆ వెంటనే గ్లాసులకొద్దీ నీళ్లతో పుక్కిలించి కడిగేయకండి. వాంతి అయిన వెంటనే మాత్రం బ్రష్ వద్దు, గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేసి అరగంట ఆగండి. పుచ్చులు ఇప్పుడే ఫిల్ చేయించుకోండి, నెలలు నిండాక కుర్చీలో వెల్లకిలా పడుకోవడం మీకే కష్టం.

నల్గొండ_పిల్ల:
సరే, సోమవారం పోత. మా అత్తమ్మ పొద్దుగాల్నే పల్లిపట్టీలు చేసి డబ్బాల పెట్టింది, ఆమెకు ఎట్ల చెప్పాలో అదొక్కటే తెలుస్తలేదు.