ప్రభుత్వ వెబ్‌సైట్ వాడినవాళ్ళు తృప్తిపడ్డారో లేదో ఎలా కొలవాలి? బెంగళూరు వాళ్ళూ, ఓ మాట చెప్పండి

వైట్‌ఫీల్డ్_వాసి:
మా టీమ్‌కి ఒక ప్రభుత్వ శాఖ సైట్ పని వచ్చింది, ఏ శాఖో చెప్పలేను. జనం సర్టిఫికెట్లకి అప్లై చేసుకునే సైట్. పైనున్న సారు అడిగేది ఒక్కటే, నెలనెలా తృప్తి ఎంతో ఒక అంకె కావాలి. అప్లికేషన్ సబ్మిట్ అయ్యాక వచ్చే పేజీలో ఐదు స్టార్లు పెట్టాం. సగటు నాలుగుకి పైనే వస్తోంది. కానీ హెల్ప్‌లైన్‌కి వచ్చే ఫోన్లు వింటుంటే ఆ నాలుగు ఎక్కడినుంచి ఊడిపడుతోందో అంతుపట్టట్లేదు. ఇలాంటి సైట్లు వాడినవాళ్ళు, కట్టినవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

బెళ్ళందూరు_బుజ్జి:
సబ్మిట్ అయ్యాక అడిగితే నాలుగు రాక ఏమొస్తుందండీ? ఓటీపీ రాక విసిగిపోయినవాడు, ఫోటో 50 కేబీ లోపే ఉండాలనేసరికి తల పట్టుకుని ట్యాబ్ మూసేసినవాడు మీ స్టార్ల దాకా రానే రాడు. పెళ్ళిలో చేయి కడుక్కుంటున్నవాళ్ళని మాత్రమే వంటెలా ఉందని అడిగి, బంతి దొరక్క ఇంటికెళ్ళిపోయినవాళ్ళని లెక్కలోంచి తీసేసినట్టుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ డిజిటల్ సేవలకి నాలుగు కొలతలు పెట్టుకున్నారు. వాటిలో వాడినవాళ్ళ తృప్తి ఒకటి, మొదలుపెట్టినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా వెళ్ళారన్నది ఇంకొకటి. (మిగతా రెండు ఖర్చు గురించి, ఆన్‌లైన్‌కి వచ్చేవాళ్ళ వాటా గురించి, మీకు ఇప్పుడు అవసరం లేదు.) ముందు ఏ పేజీలో ఎంతమంది జారిపోతున్నారో లాగ్స్‌లో (సైట్ తనంతట తాను రాసుకునే రికార్డుల్లో) చూడండి, దానికి ఎవర్నీ ఏ ప్రశ్నా అడగక్కర్లేదు.

మడివాళ_సైబర్:
నాది చిన్న సైబర్ సెంటర్, ఈ ఫారాలు నింపడమే మా తిండి. అన్నా, ఆ స్టార్లు నొక్కేది నేను! ఎదురుగా క్యూ ఉంటుంది, ప్రింట్ బటన్ చూస్తే స్టార్ల కింద దాచారు, ఏదో ఒకటి నొక్కితే గానీ అది కనబడదు. ఐదు నొక్కేసి ప్రింట్ తీసి చేతిలో పెడతా. ఫారం ఎవరిదో ఆయన స్క్రీన్ వంక కూడా చూడడు. ఫారం నింపింది మీరేనా, ఇంకొకరితో నింపించుకున్నారా అని అడిగి చూడండి, నింపించుకున్నవాళ్ళు ఎక్కువుంటే మీ సైట్ ఎలా ఉందో వేరే సర్వే అక్కర్లేదు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా, ఏం చేస్తాం.

జయనగర్_అత్తయ్య:
సైబర్ బాబు చెప్పింది నిజం, నేనూ చివరికి అలాంటి చోటికే వెళ్ళా. మాది అనంతపురం వైపు, కన్నడ బాగానే మాట్లాడతా, చదవడం అయితే కూడబలుక్కోవాలి. నేను వాడిన సైట్‌లో ఇంగ్లీష్ బటన్ నొక్కితే పైన మెనూ ఇంగ్లీష్‌లోకి మారింది, డ్రాప్‌డౌన్‌లో హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్ళు కలిపిన భాగం) పేర్లు మాత్రం కన్నడలోనే ఉండిపోయాయి. అదీ సర్దుకున్నా. ఆ తర్వాత పేరు దగ్గర ఇరుక్కున్నా. మన ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది కదా, వాళ్ళ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. ఎటు తిప్పి రాసినా పేరు సరిపోలలేదని ఎర్రక్షరాలు వచ్చేవి, ఎక్కడ సరిపోలలేదో చెప్పేది కాదు. ఆ రోజు నన్నెవరైనా మార్కులు అడిగుంటే సున్నా ఎక్కడుందని వెతికేదాన్ని. అప్పుడు అడగలేదు. సర్టిఫికెట్ వచ్చాక ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, పని అయిపోయింది కదా పోనీలే అని నాలుగు ఇచ్చా 😀

ఇందిరానగర్_టెస్టర్:
అత్తయ్యగారు చెప్పిన ఎర్రక్షరాల దగ్గరే చిన్న డబ్బా పెట్టండి, "ఇక్కడ ఆగిపోయారా? ఏమైంది?" అని. రాసేది కొద్దిమందే, కానీ వాళ్ళు రాసిన మాటలు పనికొస్తాయి. సైట్ వాడకం ఎంత సులువో విడిగా కొలవాలంటే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ ఉంది, 1986లో జాన్ బ్రూక్ తయారుచేసింది, 10 వాక్యాలు, ఒక్కోదానికి ఎంత ఒప్పుకుంటారో 1 నుంచి 5 దాకా వేయాలి, ఒకటి మంచిగా ఒకటి చెడ్డగా ఉంటాయి కాబట్టి కళ్ళు మూసుకుని అన్నిటికీ ఐదు కొట్టేస్తే మార్కు 50 దగ్గర ఆగుతుంది. 100కి లెక్క వస్తుంది గానీ అది శాతం కాదు, మామూలు సగటు 68 అంటారు. 70 వస్తే మీ సారు 70 శాతం మంది సంతోషం అని స్లైడ్‌లో వేసేస్తారు, జాగ్రత్త. అందరికీ పంపే సర్వే కాదిది, కొంతమందిని కూర్చోబెట్టి వాళ్ళ ఫోన్లోనే ఫారం నింపించి ఆ తర్వాత ఇవ్వాలి.

యశవంతపుర_పాతకాపు:
ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. జనానికి సైట్ వేరు, ఆఫీసు వేరు కాదు. ఫారం చకచకా నింపినా, ఫైలు ఎవరి టేబుల్ మీదో పడుకుంటే ఒక్క స్టార్ పడేది మీ సైట్‌కే. కర్ణాటకలో 2011 నాటి సకాల చట్టం ఉంది, దాని కిందకొచ్చే సేవకి గడువు ఉంటుంది, దరఖాస్తుకి నంబర్ ఇస్తారు, గడువు దాటితే రోజుకి 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం అడగొచ్చు. అంటే ఆలస్యం లెక్క అక్కడే దొరుకుతుంది, దాన్ని స్టార్లలో వెతకొద్దు. రెండు సార్లు అడగండి, నింపగానే సైట్ గురించి, ఫలితం తేలాక సేవ గురించి. అప్లికేషన్ తిరస్కరించినవాళ్ళకి కూడా మెసేజ్ వెళ్ళాలి, వాళ్ళని వదిలేసి లెక్కలు అందంగా చూపించడం అందరికీ అలవాటే.

వైట్‌ఫీల్డ్_వాసి:
థాంక్స్ అందరికీ. ఈ వారం లాగ్స్ తీయిస్తున్నా. సారుకి అంకె ఇవ్వక తప్పదు కాబట్టి స్టార్ల సగటు పక్కనే "మొదలుపెట్టినవాళ్ళు, పూర్తిచేసినవాళ్ళు" అని ఇంకో వరుస వేస్తా, ఒప్పుకుంటారో లేదో మీటింగ్‌లో తెలుస్తుంది. అత్తయ్యగారూ, పేరు గడి ఒక్కటే చేయమని రాసిపెట్టా. మడివాళ అన్నా, ప్రింట్ బటన్ పైకి తెస్తున్నాం, ఫారం చివర "మీరే నింపారా" ప్రశ్న కూడా పెడుతున్నాం.

మడివాళ_సైబర్:
ప్రశ్న ఫారంలో పెడితే దానికీ జవాబు నొక్కేది నేనే కదన్నా. వాళ్ళ ఫోన్‌కి మెసేజ్‌లో పంపు. నంబర్ దగ్గర కూడా ఓ కన్నేయి, ఫోన్ లేని పెద్దవాళ్ళకి మేం మా నంబరే ఇస్తుంటాం, ఒకే నంబర్ మీద బోలెడు అప్లికేషన్లు కనబడితే అది మాలాంటోళ్ళదే.