పొందూరు ఖాదీతో బైండింగ్: జిగురు బట్ట పైకి తేలిపోతోంది

నాగావళి_ఒడ్డు:
పాత వారపత్రికల సంపుటాలకు రెక్సిన్ బదులు పొందూరు ఖాదీ వేద్దామని చూస్తున్నాం. జిగురు 100 గ్రాముల మైదా, లీటరు నీళ్లు, చిటికెడు మైలుతుత్తం. బట్టకు రాసి అట్ట మీద వేస్తే జిగురు పైకి తేలి, ఆరాక తెల్లమచ్చలు పడుతున్నాయి. అట్ట గిన్నెలా వంగింది. లోపం ఎక్కడ?

అట్టముక్క:
జిగురు నీళ్లలా ఉంది, పైగా బట్టకే రాశారు. ఖాదీ నేతలో సందులుంటాయి, తేలకేం చేస్తుంది? ముందు బట్ట వెనక కాగితం వేయాలి.

వందో నంబరు (చాలా సన్న) నూలు బట్ట పంచెలకే ఉంచండి, పుస్తకానికి ముతక రకం చాలు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఉతికి, ఆరాక ఇస్త్రీ చేయండి. గంజి పోతుంది, కుదించుకోవాల్సింది అప్పుడే కుదించుకుంటుంది. గాజు పలక మీద బోర్లా పరిచి, నీళ్లు చిలకరించి, పడుగు పోగులు వంకర లేకుండా చేత్తో సర్దండి. బట్టకన్నా నాలుగు వైపులా అంగుళం పెద్దదైన పల్చటి కాగితం తీసుకుని, చిక్కటి జిగురు కాగితానికే రాసి బట్ట మీద పరవండి. బ్రష్‌తో నడిమి నుంచి అంచులకు తోయండి. మిగిలిన అంగుళం గాజుకు అంటుకుని బట్టను బిగువుగా పట్టి ఉంచుతుంది. ఒక రోజంతా ఆరాక బ్లేడుతో కోసి తీయండి. బటర్ పేపరు వద్దు, తడి పీల్చదు.

చెదపుట్ట:
మాస్టారూ, తుత్తం మానేయండి. అందులోని రాగి కాగితంలోని సెల్యులోజును (కాగితపు పీచును) ఆక్సీకరణతో తినేస్తుంది. పాత పటాల్లో రాగి పచ్చరంగు వేసినచోట కాగితం గోధుమరంగుకు తిరిగి చిల్లులు పడేది అందుకే. పురుగును చంపబోయి పుస్తకాన్ని చంపినట్టు.

మైదాలోని బంక కూడా తీసేస్తే మంచిది, పురుగుకు అదో విందు. అరకిలో మైదా గట్టిగా ముద్ద కలిపి అరగంట ఉంచి, గిన్నెడు నీళ్లలో పిసకండి. చేతిలో రబ్బరులాంటి బంక మిగులుతుంది. పాలలాంటి నీళ్లు రాత్రంతా కదలకుండా పెడితే పిండి అడుక్కి చేరుతుంది. పైనీళ్లు వంపేసి నీడలో ఆరబెట్టండి. కొలత: ఒక గిన్నె పిండికి ఐదు గిన్నెల నీళ్లు, సన్నసెగ మీద 20 నిమిషాలు కలుపుతూనే ఉండాలి. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టండి. ఉండ మిగిలితే బట్ట కింద బొడిపెలా కనిపిస్తుంది. మందు కలపక్కర్లేదు, రెండు మూడు రోజులకు సరిపడానే వండుకోండి. పులిసిన వాసన వస్తే పారబోయడమే.

నాగావళి_ఒడ్డు:
బాగుంది. మరి అట్ట వంగడం? ఇంకోటి, కుట్టుకు వెన్ను మీద గోగునార తాడు వేయొచ్చా? మన దగ్గర కొదవలేదుగా.

అట్టముక్క:
గోగునారలో లిగ్నిన్ (చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థం) ఎక్కువండి. వెలుతురుకు పసుపెక్కుతుంది, తేమకు బలం పోతుంది. పై అలంకారానికైతే సరే, కుట్టుకు నూలు నాడా వేయండి. దారానికి తేనెమైనం రాస్తే చిక్కుపడదు. దారం లావైతే వెన్ను ఉబ్బి, సంపుటం ఒకవైపు లావుగా, ఒకవైపు పల్చగా తయారవుతుంది.

అట్టకు పీచు దిశ చూడాలి. చిన్న ముక్క ఒకవైపు తడపండి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవే పీచు దిశ. అట్ట, బట్ట పడుగు, అట్ట లోపలివైపు అతికించే కాగితం మూడూ వెన్నుకు సమాంతరంగా ఉండాలి. బట్ట ఆరుతూ అట్టను బయటికి లాగుతుంది, లోపలి కాగితం ఎదురు లాగేదాకా ఆ వంపు ఉంటుంది. కాబట్టి అప్పుడే కంగారుపడి అట్ట మార్చకండి. కాగితం అతికించాక బరువు పెట్టి కనీసం ఒక రాత్రి వదలండి.

తాటాకు_గంటం:
తెల్ల పీవీఏ జిగురు (ఫెవికాల్ రకం) మాట ఎవరూ ఎత్తలేదు. అట్టకూ బట్టకూ మధ్య సగం పిండిజిగురు, సగం పీవీఏ కలిపి వాడొచ్చు, త్వరగా పడుతుంది. పుటల వెన్నుకు మాత్రం పిండిజిగురే. రేపు మళ్లీ విప్పాలంటే అది తడికి వదులుతుంది, పీవీఏ వదలదు, న్యూస్‌ప్రింటు చిరుగుతుంది.

వేపాకు పుటల మధ్య పెట్టకండి, మరక దిగుతుంది. పల్చటి గుడ్డలో మూటకట్టి అరలో పెట్టండి. అయినా మన తీరపు తేమలో వేపాకు ఒక్కటే చాలదు. తేమ 65 శాతం దాటితే బూజుకు దారి ఇచ్చినట్టే. అరలను గోడకు ఆరంగుళాలు ఎడంగా జరపండి. 2018 అక్టోబరు తిత్లీ లాంటి గాలివానలో తడిస్తే రెండు రోజుల్లోపే ఆరబెట్టాలి: నిలబెట్టి పుటలు విడదీసి, పది ఇరవై ఆకులకోసారి అచ్చులేని కాగితం పెట్టి మారుస్తూ, ఫ్యాన్ గాలికి. ఎండలో వద్దు, వంకరపోతాయి. నున్నగా మెరిసే ఆర్టు పేపరు పుటలైతే తడి ఉండగానే విడదీయండి, ఆరాక రాయిలా అతుక్కుంటాయి.

నాగావళి_ఒడ్డు:
సరే, ఈ వారం తుత్తం లేని జిగురుతో రెండు సంపుటాలు వేస్తాం. ఒకటి కాగితం వేసిన ఖాదీతో, ఇంకోటి పోల్చడానికి రెక్సిన్‌తో.