హార్మోనియం వాయించేవాణ్ణి, మిడి కీబోర్డు కొన్నాను. లైట్లు వెలుగుతున్నాయి కానీ సౌండ్ రావట్లేదు

రాజోలు_పెట్టె
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్కన పల్లెటూరు. పాతికేళ్ల నుంచి మా భజన బృందంలో హార్మోనియం వాయిస్తున్నాను. కంప్యూటర్ సంగతికొస్తే మా అబ్బాయి చెప్పిందే వేదం, వాడేమో హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్ చేస్తే "నాన్నా, మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేస్తాడు. మొన్న రాజమండ్రిలో ఒకాయన దగ్గర 49 మెట్ల మిడి కీబోర్డు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కార్తీకమాసం లోపు మా కీర్తనలు నాలుగైనా ఇంట్లోనే రికార్డు చేసి అందరికీ వాట్సాప్‌లో పంపాలని నా ఆశ.

ల్యాప్‌టాప్ విండోస్ 10, ర్యామ్ 8 జీబీ. 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చంటే రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. కేబుల్ పెట్టగానే కీబోర్డు మీద లైట్లు వెలుగుతాయి, ఆక్టేవ్ బటన్ నొక్కితే రంగు మారుతుంది, మెట్లు నొక్కితే మాత్రం చప్పుడు లేదు. రీపర్‌లో దాని పేరు ఎక్కడా కనపడట్లేదు. స్పీకరు తగిలిద్దామంటే వెనకాల దానికి కన్నమే లేదు, ఒక యూఎస్‌బీది, ఇంకోటి గుండ్రంగా పెడల్‌ది అనుకుంటా. అమ్మినాయన్ని అడిగితే "నా దగ్గర బాగానే పలికిందండి" అన్నాడు. కేబుల్ ఇవ్వలేదు, ఇంట్లో ఉన్నది పెడితే సరిగ్గా పట్టింది. నేను మోసపోయానా? ఏదైనా డ్రైవర్ వేయాలా?

భీమవరం_బాస్
ఆసియో ఫర్ ఆల్ వేసేయండి బాబాయ్, అన్నీ సెట్ అయిపోతాయి.

పాలకొల్లు_ట్రాక్స్
పైన తమ్ముడు చెప్పింది ఇప్పుడే చేయకండి. అది ల్యాప్‌టాప్ నుంచి బయటికి వచ్చే సౌండ్‌కి సంబంధించిన డ్రైవర్, మీ కీబోర్డు పేరే కనపడనప్పుడు దాంతో పని లేదు.

మీరు మోసపోలేదు లెండి. స్పీకర్ కన్నం లేకపోవడం లోపం కాదు, ఆ పెట్టెలో అసలు స్వరమే ఉండదు. హార్మోనియంలో రీడ్లు లోపల ఉంటాయి, దీంట్లో మెట్లు మాత్రమే ఉంటాయి, రీడ్లు ల్యాప్‌టాప్‌లో ఉంటాయనుకోండి. మెట్టు నొక్కితే "60వ నంబరు మెట్టు, ఇంత వేగంతో నొక్కారు" అని ఒక చీటీ లాంటిది వెళ్తుంది, వేగం 1 నుంచి 127 దాకా ఉంటుంది, మెట్టు వదిలితే ఇంకో చీటీ. మిడి అంటే ఆ చీటీల భాషే, 1983 నుంచి ఉంది. చీటీ చదివి పాడేవాడు రీపర్‌లో లేకపోతే ఎంత గట్టిగా నొక్కినా నిశ్శబ్దమే.

కాబట్టి ముందు కీబోర్డు సంగతి పక్కన పెట్టి పాడేవాణ్ణి కూర్చోబెట్టండి. పైన ట్రాక్ మెనూలో "ఇన్సర్ట్ వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆన్ న్యూ ట్రాక్" నొక్కి, వచ్చే జాబితాలో రియాసింథ్ ఎంచుకోండి. తర్వాత ఆల్ట్, బి కలిపి నొక్కితే స్క్రీన్ మీద బొమ్మ కీబోర్డు వస్తుంది, దాని మీద మౌస్‌తో నొక్కండి. కుయ్ మని బీప్ లాంటి సౌండ్ వస్తే రీపర్, స్పీకర్ బాగున్నట్టే, తేడా కీబోర్డుకీ ల్యాప్‌టాప్‌కీ మధ్యన ఉన్నట్టు.

ఇక డ్రైవర్ అంటారా, ఇలాంటి కీబోర్డులు చాలావాటికి అక్కర్లేదు, విండోస్ దానంతటదే గుర్తు పడుతుంది. డివైస్ మేనేజర్ తెరిచి "సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్" కింద చూస్తూ కేబుల్ పీకి పెట్టండి. కొత్త పేరేమీ రాకపోతే నా అనుమానం కేబుల్ మీదే. అది దేంతో వచ్చిన కేబుల్?

రాజోలు_పెట్టె
మీ నోట్లో పంచదార పొయ్య! బొమ్మ కీబోర్డు పలికింది, డివైస్ మేనేజర్‌లో మాత్రం ఏమీ రాలేదు. ఆ కేబుల్ ఎక్కడిదా అని మా ఆవిణ్ణి అడిగితే, రొయ్యల చెరువు గట్టు మీదికి మా తమ్ముడు పట్టుకెళ్లే ఛార్జింగ్ టార్చిలైటుతో వచ్చిందట. అందులో కరెంటు తీగలే ఉంటాయని నాకేం తెలుసండీ. మా కోడలు ఫోను కేబుల్ అడిగి పెట్టాను, టింగుమని చప్పుడొచ్చి పేరు పడింది. అయినా రీపర్‌లో పలకలేదు, మూసి మళ్లీ తెరిచాక ప్రిఫరెన్సెస్‌లో మిడి పేజీలో పేరు కనపడింది, దాని మీద రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ ఇన్‌పుట్ నొక్కితే పలికింది.

ఇప్పుడు ఇంకో గొడవ. నేను "స" నొక్కాక అది తీరిగ్గా పలుకుతోంది. "స రి గ" గబగబా నొక్కితే నేను "గ" దగ్గరుంటే అది "స" అంటోంది. హార్మోనియం ఇలా ఎప్పుడూ చేయలేదు. ల్యాప్‌టాప్ పాతదైపోయిందంటారా?

పాలకొల్లు_ట్రాక్స్
దేంట్లో వింటున్నారు? బ్లూటూత్ ఇయర్‌ఫోన్సా?

రాజోలు_పెట్టె
ఆయ్, మా అబ్బాయి పంపించాడు. మెడకి వేసుకునేవి.

పాలకొల్లు_ట్రాక్స్
అవి తీసి పక్కన పెట్టండి, పాటలు వినడానికి బాగుంటాయి, వాయించడానికి కాదు. బ్లూటూత్ సౌండుని మూటగట్టి పంపి అవతల విప్పాలి, మామూలు వాటిలో ఆ పనికే 100 నుంచి 200 మిల్లీసెకన్లు పోతాయి, రీపర్‌లో ఏం మార్చినా అది తగ్గదు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టండి, పాత ఫోనుతో వచ్చింది ఇంట్లో ఎక్కడో ఉంటుంది.

అప్పుడు భీమవరం తమ్ముడి మాట పనికొస్తుంది. ఆసియో ఫర్ ఆల్ ఉచితమే. వేసి, రీపర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్ దగ్గర ఆసియో ఎంచుకుని, దాని సొంత ప్యానెల్ తెరిచి బఫర్, అంటే ఒక్కో సౌండ్ మూట సైజు, 256 పెట్టండి. లెక్క చెప్తా చూడండి. సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే చిన్న చిన్న సౌండ్ ముక్కలు, పోతుంటే 256 శాంపిళ్ల మూటకి 6 మిల్లీసెకన్లు పడుతుంది, అది చెవికి తెలియదు. అదే 2048 ఉంటే 46 మిల్లీసెకన్లు, వేలికీ చెవికీ మధ్య ఏదో అడ్డు పడ్డట్టు ఉంటుంది. 128 పెడితే ఇంకా తగ్గుతుంది కానీ పాత ల్యాప్‌టాప్ తట్టుకోలేక చిటపటమంటుంది, అలా అంటే వెనక్కి 256కే వచ్చేయండి. ఒక చిరాకు ఉంది, ఆసియో నడుస్తున్నంత సేపూ యూట్యూబ్‌లో సౌండ్ రాకపోవచ్చు, కంగారు పడకండి.

భీమవరం_బాస్
చెప్పానా మరి 😄

అమలాపురం_కీస్
నేను చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయిస్తాను గురువుగారూ, నేను నేర్చుకుంది హార్మోనియం మీదే. పై ఇద్దరూ చెప్పనిది ఒకటి ఉంది, రేపో ఎల్లుండో మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా.

హార్మోనియంలో మెట్టు ఎలా నొక్కినా ఒకటే, సౌండ్ పెరగడం తగ్గడం అంతా తిత్తి కొట్టే ఎడమ చేతిలోనే ఉంటుంది. దీంట్లో ఎడమ చేతికి ఆ పనే లేదు, మెట్టు ఎంత వేగంగా నొక్కారన్న దాన్ని బట్టి సౌండ్. మనలాంటి వాళ్లం మెత్తగా నొక్కడం అలవాటై మొదట్లో ఒక స్వరం గొణుగుతుంది, ఇంకోటి అరుస్తుంది. నాకు నెల పట్టింది అర్థం కావడానికి. నేను చేసిందేంటంటే, కీబోర్డు సెట్టింగ్‌లో వెలాసిటీని, అంటే ఆ నొక్కే వేగాన్ని, "ఫిక్స్‌డ్" చేసి 100 దగ్గర పెట్టాను. ఇప్పుడు మెట్లన్నీ సమానంగా పలుకుతాయి. ఇక కీబోర్డుకి ఎడమ పక్కన రెండు చక్రాలుంటాయి చూడండి, వాటిలో వదిలినా వెనక్కి రానిది మాడ్యులేషన్ చక్రం. దాన్నే తిత్తి చేసుకున్నాను. అది మామూలుగా 1వ నంబరు చీటీ పంపుతుంది, కొన్ని కీబోర్డుల్లో ఆ నంబరు మార్చుకోవచ్చు, 11 పెడితే అది ఎక్స్‌ప్రెషన్, అంటే గాలి ఎంత అన్నట్టే. కుడి చెయ్యి మెట్ల మీద, ఎడమ చెయ్యి చక్రం మీద, పాత అలవాటు ఎక్కడికీ పోదు. చక్రం పూర్తిగా కిందికి ఉంటే సౌండ్ సున్నా, నేను ఒకరోజు అరగంట సేపు కేబుళ్లన్నీ పీకి చూశాక తెలిసింది ఆ సంగతి.

రియాసింథ్ బీప్‌కి కీర్తన కూర్చోదు. సఫోర్జాండో అని ఉచిత ప్లేయర్ ఉంది, వాద్యాల సౌండ్లుండే ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైళ్లు వాయిస్తుంది, 11వ నంబరు దానికి చెప్పకుండానే అర్థమవుతుంది. పియానో కావాలంటే సాలమండర్ గ్రాండ్ పియానో ఊరికే దొరుకుతుంది, యమహా సీ5 నుంచి 16 వేగాల్లో రికార్డు చేసింది, దానికి మాత్రం వెలాసిటీ ఫిక్స్‌డ్ తీసేయండి.

శ్రుతి సంగతి. మీ గాయకుడు నాలుగున్నర అన్నాడనుకోండి, మీ చేతికి ఒకటి శ్రుతిలో అలవాటుంటే ట్రాన్స్‌పోజ్ 6 పైకి పెట్టి తెల్ల మెట్ల మీదే వాయించేయొచ్చు. పెద్దవాళ్లు దీన్ని దొంగతనం అంటారు గానీ, నేను ప్రతి ఆదివారం చేస్తా.

రెండో చక్రం వదిలితే మధ్యకి వచ్చేస్తుంది, అది గమకానికి. హార్మోనియం మీద గమకం రాదనే కదా ఆకాశవాణి 1940 నుంచి ముప్పై ఏళ్ల దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఈ చక్రం పూర్తిగా తిప్పితే మామూలుగా రెండు మెట్లు, అంటే "స" నుంచి చతుశ్రుతి "రి" దాకా జారుతుంది, మధ్యలో ఎక్కడైనా ఆపొచ్చు. మీ పక్క శంకరగుప్తంలోనే పుట్టిన బాలమురళి గారి గొంతులో వినిపించే గమకం దీంట్లో వస్తుందని నేను చెప్పను, అందులో పదోవంతు వచ్చినా చాలు. చక్రాలు రెండు, ఎడమ చెయ్యి ఒకటే కాబట్టి ముందు పాట, గమకం వాయించేసి, మిడి ఓవర్‌డబ్‌లో, అంటే ముందు రికార్డు చేసిన దాని మీదే కలిపే పద్ధతిలో, రెండోసారి తిత్తి ఒక్కటే కొట్టుకోండి. హార్మోనియం మీద ఈ సుఖం లేదు కదా.

రాజోలు_పెట్టె
మీ ఇద్దరికీ దండాలు. వైరున్న ఇయర్‌ఫోన్, 256, రెండూ పెట్టాను, వేలికి అతుక్కుని పలుకుతోంది. చక్రం తిత్తి అన్నారు చూడండి, మా మృదంగం ఆయన్ని పిలిచి చూపిస్తే "ఎడం చేత్తో ఏంటిది, వాల్యూము తిప్పుతున్నావా" అని నవ్వాడు, రెండు చరణాలు అయ్యాక తనే తిప్పుతానని కూర్చున్నాడు.

ఆఖరిది, విసుక్కోకండి. మా అబ్బాయి పెడల్ కూడా పంపాడు. నొక్కితే సౌండ్ ఆగుతోంది, వదిలితే అన్నీ కలిసి మోగుతున్నాయి. పెడల్ చెడిందా?

అమలాపురం_కీస్
తలకిందులుగా అర్థం చేసుకుంది, చెడలేదు. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్నే "వదిలిన స్థితి" అనుకుంటాయి. యూఎస్‌బీ పీకేసి, పెడల్ తగిలించి, దాని మీద నుంచి కాలు తీసి అప్పుడు మళ్లీ పెట్టండి. అప్పటికీ అలాగే ఉంటే పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉందేమో చూడండి, అది అటుదిటు మారిస్తే సరి.

రాజోలు_పెట్టె
కాలు పెట్టే ఉంచుతున్నానండి, నిజమే. ఎక్కడికో జారిపోతోందని.