సెకండ్ ఇయర్‌కి వెళ్తున్న ఫార్వర్డ్‌ని: బరువు పెంచాలా, షాట్ మీద పని చేయాలా?

కార్నర్_14:
అన్నలూ, ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్ అయిపోయింది, కాలేజ్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఫార్వర్డ్‌ని. స్కూల్లో అందరికంటే పొడుగు నేనే కాబట్టి రింగ్ కింద నిలబడి బాల్ అందుకుని వేసేసేవాణ్ణి. ఇక్కడ నా ఆరడుగుల ఒక అంగుళాన్ని ఎవరూ లెక్కచేయట్లేదు, ఎదుటి టీమ్ సెంటర్లు (రింగ్ కింద ఆడే పెద్ద ఆటగాళ్లు) భుజంతో జరిపేసి రీబౌండ్ (షాట్ మిస్సయి తిరిగొచ్చే బాల్) పట్టుకుపోతున్నారు. ఏడాదంతా ఎక్కువగా బెంచ్ మీదే, దిగితే వెంటనే ఫౌల్స్. ఇప్పుడు మా సీనియర్ ఫార్వర్డ్ పాసై వెళ్లిపోయాడు, ఆ చోటు ఖాళీ. కోచ్ సార్ బయటి నుంచి ఆడటం నేర్చుకోమంటున్నారు, జిమ్‌లో వాళ్లు ముందు పది కిలోల బరువు పెరగమంటున్నారు. క్లాసులు మొదలయ్యేలోపు దేని మీద పడాలి? టెన్షన్‌గా ఉంది.

పాత_సౌత్‌జోన్:
తమ్ముడూ, కోచ్ సార్ మాట విను. ఆ హైట్‌తో సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ వరకు వెళ్లాలంటే పోస్ట్‌లో, అంటే రింగ్ దగ్గర, బతకలేవు, త్రీ పొజిషన్‌కి (బయటి నుంచి ఆడే స్మాల్ ఫార్వర్డ్) మారాల్సిందే. కానీ షాట్ కంటే ముందు నీ ఫౌల్స్ సంగతి చూడు, ఎందుకంటే ఐదు పడితే ఎంత షాట్ ఉన్నా బయట కూర్చోవాల్సిందే. ఫౌల్స్ చేతుల వల్ల పడుతున్నాయనుకుంటారు, చాలాసార్లు కాళ్లు ఆలస్యంగా రావడం వల్ల పడతాయి. మనిషి నిన్ను దాటేశాక చెయ్యి వేస్తావు, విజిల్ వస్తుంది. కాబట్టి క్లోజ్ అవుట్ ప్రాక్టీస్ చెయ్యి: షాట్ వేసేవాడి వైపు పరిగెత్తి వెళ్లి, చివర్లో చిన్న అడుగులతో ఆగి, నడుం కిందికి దించి, ఒక చెయ్యి పైకి. ఇది బోర్ కొడుతుంది, ఎవరూ వీడియో తీయరు, అయినా దీనివల్లే కోచ్ నిన్ను కోర్టులో ఉంచుతాడు. రీబౌండ్ కూడా అంతే, బాల్ వైపు చూస్తూ నిలబడకుండా ముందు నీ మనిషిని వెతికి బాక్స్ అవుట్ చెయ్యి (వీపుతో అడ్డుకుని వెనక ఉంచు), ఆ తర్వాతే ఎగరడం.

హూప్స్_సికింద్రాబాద్:
నీలాంటి పరిస్థితిలోంచే వచ్చిన ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఆటగాడు కీగన్ ముర్రే గురించి చదువు. అయోవా యూనివర్సిటీ టీమ్‌లో మొదటి సీజన్ సగటు మ్యాచ్‌కి 7.2 పాయింట్లు, రెండో సీజన్ 23.5! మధ్యలో జరిగిన పెద్ద మార్పు ఏంటంటే, టీమ్ మొత్తం ఎవరి చుట్టూ తిరిగేదో ఆ లూకా గార్జా 2021లో వెళ్లిపోయాడు. చోటు ఖాళీ అయ్యేసరికి ముర్రే సిద్ధంగా ఉన్నాడు, 2022 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) నాలుగో పిక్‌గా శాక్రమెంటో జట్టుకి వెళ్లాడు. మీ సీనియర్ వెళ్లిపోయాడు కాబట్టి నీకిది సరైన టైమ్. నేనైతే కార్నర్ త్రీ (కోర్టు మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) మీదే పడతాను, ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) మూడు పాయింట్ల లైన్ పైన 6.75 మీటర్లు, కార్నర్‌లో 6.6 మాత్రమే, పైగా అక్కడ డ్రిబుల్ అక్కర్లేదు.

పాత_సౌత్‌జోన్:
ముర్రే మంచి ఉదాహరణే, కానీ ఇంకో ఎన్‌బీఏ ఆటగాడు కవాయ్ లెనర్డ్‌ని కూడా చూడు. శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో రెండేళ్లూ త్రీలు ముప్పై శాతం కూడా దాటలేదు, అయినా మ్యాచ్‌కి సుమారు పది రీబౌండ్లు తీస్తూ, డిఫెన్స్ ఆడుతూ 2011లో పదిహేనో పిక్ అయ్యాడు. షాట్ ఎన్‌బీఏ జట్టు స్పర్స్‌కి వెళ్లాక కుదిరింది. షాట్ వద్దనట్లేదు, అది కుదిరేలోపు కోర్టులో ఉండే దారి ఉండాలి కదా.

ఫిజియో_కొత్తపేట:
పది కిలోలు అనే మాట పక్కన పెట్టమ్మా. నెలా రెండు నెలల్లో అంత పెరిగితే అందులో కండ తక్కువే ఉంటుంది, ఆ బరువుతో సిమెంట్ కోర్టు మీద దూకితే మోకాళ్లు ముందు ఏడుస్తాయి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఒంటికాలి మీద చేసేవి నేర్పేవాళ్ల దగ్గర చెయ్యి, తోపులాటలో నిలబడేది తొడలు, నడుం బలంతోనే. హాస్టల్ మెస్ అయితే గుడ్లు, పప్పు, పెరుగు పెంచు, రాత్రి ఫోన్ పక్కన పెట్టి నిద్రపో. వానాకాలం తడి కోర్టులో మాత్రం ఆడకు, చీలమండ బెణికితే సీజన్ మొదట్లోనే వెనకబడతావు.

కార్నర్_14:
అందరికీ థాంక్స్ అన్నా. అంటే పొద్దున కాళ్ల పని, క్లోజ్ అవుట్, తర్వాత కార్నర్ షాట్లు, వారంలో కొన్ని రోజులు జిమ్. షాట్లు ఎన్ని వేయాలి?

పాత_సౌత్‌జోన్:
ఎన్ని వేశావని కాదు, ఎన్ని పడ్డాయో రాసుకో. అలసిపోయాక కూడా వెయ్యి, మ్యాచ్‌లో అప్పుడే వస్తాయి. చివర్లో ఫ్రీ త్రోలు మర్చిపోకు. కోచ్ సార్‌ని నీ పొజిషన్ ఏంటో సీజన్ మొదలవకముందే అడుగు, ఆయన మనసులో ఏముందో తెలియకుండా సొంతంగా ప్లాన్ వేసుకోకు.