పెద్దవాళ్లతో టిటికాకా సరస్సు: పెరూ వైపు చూస్తే చాలా, బొలీవియాకు కూడా దాటాలా?

డాలస్ బాటసారి:
నమస్కారం. మే నెలాఖరులో అమ్మానాన్నలతో పెరూ వెళ్తున్నాం. మచు పిచ్చు చూశాక టిటికాకాకు వెళ్లాలని నాన్న కోరిక. ఆయన బడిలో భూగోళం చెప్పిన మాస్టారు, ఏళ్ల తరబడి ఈ పేరు పిల్లలతో వల్లె వేయించారు. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డారు. అమ్మకు బీపీ ఉంది. ఇద్దరూ శాకాహారులు, ఇద్దరివీ భారతీయ పాస్‌పోర్టులు, అమెరికా విజిటర్ వీసాలు. పెరూ వైపు సరస్సు ఒడ్డునున్న పూనో ఊళ్లో ఒక్క పూట చాలని ట్రావెల్ ఏజెంటు అంటున్నారు. సరస్సులో కొంత భాగం బొలీవియాదే కదా, పెద్దవాళ్లతో అటు దాటడం కుదురుతుందా?

ఎడిసన్ వాసి:
ముందు వీసాల సంగతి తేల్చుకోండి. అమెరికా వీసాకు ఇంకా కనీసం ఆరు నెలల గడువుంటే భారతీయులు పర్యటన కోసం పెరూలోకి విడిగా వీసా లేకుండా వెళ్లవచ్చు. బొలీవియాకు ఆ వెసులుబాటు లేదు, వేరే వీసా కావాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనేలోపే కాన్సులేటులో అడగండి.

కొండదారి:
ఒక్క పూట అన్న మాట చదివి ప్రాణం ఉసూరుమంది. మాస్టారు అంతకాలం పాఠం చెప్పిన సరస్సును ఒక్క పూటలో ముగించకండి. మా అత్తగారిని తీసుకెళ్లాను కనుక ధైర్యంగా చెబుతున్నాను, తప్పకుండా దాటండి.

ఆ పూటలో మీకు దక్కేది ఊరోస్ దీవులు. అవీ చూడవలసినవే. తొతోరా అనే తుంగను పరిచి నీటి మీద కట్టుకున్న దీవులవి. అడుగు పొర కుళ్లుతున్న కొద్దీ పైన కొత్త తుంగ వేస్తూనే ఉండాలి. అక్కడి ఆవిడ ఒక కాడ పెరికి, పొరలు ఒలిచి, మొదట్లోని తెల్లటి భాగం అత్తగారి చేతిలో పెట్టింది. చప్పగా, నీరునీరుగా ఉంది. అయినా అత్తగారు ఇంకొకటి అడిగి మరీ తిన్నారు. కానీ అది పూనో రేవుకు దగ్గర్లోని ఒక మూల మాత్రమే. సరస్సు పొడవే సుమారు 190 కిలోమీటర్లు.

నేను పట్టుబట్టేది ఎత్తు విషయంలో. సరస్సు 3,812 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రపు ఒడ్డునున్న లిమా నుంచి నేరుగా పూనో దగ్గరి విమానాశ్రయమున్న హులియాకాకు విమానం ఎక్కకండి, పెద్దవాళ్ల ఒళ్లు తట్టుకోదు. ముందు ఉరుబాంబా లోయలో ఉండండి, అది 2,900 మీటర్ల లోపే. తర్వాత కుస్కో, 3,400. ఆఖరున పూనో. దారిలో లా రాయా కనుమ 4,335 మీటర్లు. అక్కడ బస్సు దిగినా నెమ్మదిగా కదలండి. ఎత్తుకు వేసుకునే మందు గురించి అమ్మగారి బీపీ చూసే డాక్టరునే అడగండి, ఎవరో చెప్పారని వేయకండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా వెంటనే వైద్యం అందాలి, కిందికి దింపాలి. కోకా ఆకుల టీ అక్కడే తాగండి, ఒక్క ఆకు కూడా అమెరికాకు తేవద్దు, చట్టం ఒప్పుకోదు.

సరిహద్దు కసానీ దగ్గర నడిచే దాటాం. ఇటు పెరూ ముద్ర, కాస్త ఎగుడు దారి, అవతల బొలీవియా ముద్ర. పగలే దాటండి. బొలీవియా సమయం పెరూ కన్నా గంట ముందుంటుంది, తిరుగు బస్సు ఏ దేశపు వేళకో అడిగి రాసుకోండి.

దాటగానే వచ్చే ఊరు కోపకబానా. బ్రెజిల్‌లో రియోలోని బీచికి ఆ పేరు వచ్చింది ఇక్కడి మేరీ మాత వల్లే. 16వ శతాబ్దంలో తీతో యుపాంకి అనే స్థానిక శిల్పి ఆ విగ్రహాన్ని చెక్కాడు. చర్చి ముందు కార్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి, బానెట్ల నిండా పూలదండలు. ఫాదర్ వచ్చి ఇంజను మీద, సీట్ల మీద పవిత్ర జలం చల్లారు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని, “అమ్మాయ్, మన కొత్త బండి పూజే కదా ఇది! నిమ్మకాయలు ఒక్కటే తక్కువ” అన్నారు. ఆ ఊళ్లో రాత్రి ఉండండి. సూర్యదీవికి పడవలు అక్కడి నుంచే. ఇంకాల మూలపురుషుడు మాంకో కాపాక్ పుట్టుకను ఈ సరస్సుతో ముడిపెట్టే కథ నాన్నగారికి తెలిసే ఉంటుంది. ఆ దీవిలోని యుమానీ రేవులో రాతిమెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే కిందే కూర్చోండి, అక్కడి నుంచి కూడా సరస్సు బాగా కనిపిస్తుంది.

తిండికి ఇబ్బంది పడరు. కీన్వా సూపు, బంగాళాదుంపలు, చీజు, మొక్కజొన్న దొరుకుతాయి. “సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో” అంటే మాంసం, కోడి, చేప లేకుండా అని. సూపు నీళ్లు దేనితో కాచారో విడిగా అడగండి. మేలో పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి గడ్డకట్టే చలి. ఉన్ని బట్టలు, టోపీలు తప్పనిసరి.

డాలస్ బాటసారి:
చాలా సంతోషమండీ. ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. సరస్సు నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో అడగమన్నారు. కోపకబానా నుంచి బొలీవియాలోని లా పాస్ నగరానికి వెళ్లే దారి ఎలా ఉంటుంది?

కొండదారి:
మాస్టారికి నమస్కారాలు చెప్పండి. దేసాగ్వాదేరో నది కొంత నీటిని దక్షిణానికి, పోపో సరస్సు వైపు తీసుకుపోతుంది. ఎక్కువ భాగం మాత్రం ఎండకు, గాలికి ఆవిరైపోతుంది. అందుకే వానలు తగ్గితే సరస్సు ఇట్టే కుంగుతుంది. 2023లో మట్టం దారుణంగా పడిపోయి, ఒడ్డున పడవలు బురదలో కూరుకుపోయాయి. పోపో అయితే 2015లో దాదాపు పూర్తిగా ఎండిపోయింది. రెండు దేశాలూ కలిసి ఈ నీటి కోసం ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. అయినా పట్టణాల మురుగు ఇంకా ఇందులోకే వస్తోంది. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

లా పాస్ దారిలో తికీనా జలసంధి వస్తుంది. అక్కడ అందరూ బస్సు దిగి చిన్న పడవలో దాటాలి, ఖాళీ బస్సును చెక్క బల్లకట్టు మీద విడిగా దాటిస్తారు. అమ్మగారి మందులు, అందరి పాస్‌పోర్టులు బస్సులో వదలకుండా చేతిసంచిలో పెట్టుకోండి.