కొత్తగా పెంచేవారు జేడ్ మొక్కను వెంటనే బోన్సాయ్ పళ్లెంలోకి మార్చవచ్చా?

మేడతోట, విజయవాడ:
నర్సరీ నుంచి తెచ్చిన జేడ్ మొక్కను మరునాడే రెండంగుళాల లోతున్న పింగాణీ పళ్లెంలో నాటి, నెల తిరగకముందే పోగొట్టుకున్నవారు నా పరిచయస్థులలోనే ముగ్గురున్నారు. మొదటి ఏడాది పళ్లెం వద్దన్నది నా దృఢమైన అభిప్రాయం. మాను లావెక్కాలంటే ఆకులు విస్తారంగా ఉండాలి, ఆ ఆకులను పోషించే వేళ్లకు చోటుండాలి. కొమ్మలనూ వేళ్లనూ ఒకేసారి కుదిస్తే పెన్సిలంత కాండం ఏళ్ల తరబడి పెన్సిలంతగానే మిగులుతుంది.

ఇంకొక మాట. మన నర్సరీలలో జేడ్ పేరుతో ఎక్కువగా దొరికే, చిన్న గుండ్రటి ఆకులూ ఎర్రటి కాండమూ ఉన్న మొక్క నిజానికి పోర్టులకేరియా ఆఫ్రా. అసలు జేడ్ అయిన క్రాసులా ఒవాటా ఆకులు పెద్దవి, దళసరివి. రెండూ దక్షిణాఫ్రికా మొక్కలే అయినా మన ఎండలను మొదటిదే బాగా ఓర్చుకుంటుంది కనుక కొత్తవారికి అదే మేలు.

తూర్పు బాల్కనీ, హైదరాబాద్:
మేడతోట గారూ, మొక్క గుర్తింపులో మీతో ఏకీభవిస్తాను గాని పళ్లెం విషయంలో ఏకీభవించలేను. ఇలాంటి సక్యులెంట్లను, అంటే ఆకుల్లోనూ కాండంలోనూ నీరు దాచుకునే మొక్కలను, ఎక్కువగా చంపేది నీటి ఎద్దడి కాదు, నిలిచిన నీరు. లోతైన కుండీలో పైమట్టి పొడిగా కనిపిస్తున్నా అడుగున తడి రోజుల తరబడి ఉంటుంది. కొత్తవారు పైమట్టినే చూసి మళ్లీ నీరు పోస్తారు. నా పోర్టులకేరియా మూడేళ్లుగా పళ్లెంలోనే, ఉదయపు ఎండలో ఆరోగ్యంగా ఉంది. పైగా చిన్న చెట్టు రూపం మొదటి రోజు నుంచే కళ్లెదుట ఉంటే పెంచేవారికి శ్రద్ధ నిలుస్తుంది.

గోదారిగట్టు, కడియం:
ఇద్దరూ పాత్ర గురించే వాదిస్తున్నారు. నా దృష్టిలో అసలు విషయం మట్టి. వంటింటి స్పాంజిని నీటిలో ముంచి పడుకోబెట్టి పట్టుకోండి. నీరు కారడం ఆగిన తరువాత దానినే నిలువుగా తిప్పితే మళ్లీ కారుతుంది. అంటే ఎత్తు తక్కువైనప్పుడు అదే స్పాంజి ఎక్కువ నీటిని పట్టి ఉంచుతుంది. మట్టి కూడా అంతే: నీరు పోసిన తరువాత అడుగున నిలిచే తడి పొర మందం మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది గాని కుండీ లోతును బట్టి కాదు. మెత్తటి మట్టిలో ఆ పొర రెండంగుళాలుంటే పళ్లెమంతా బురదే. వేసవిలో అది త్వరగా ఆరిపోవచ్చు. శ్రావణ మాసపు ముసురులో మాత్రం ఆరదు.

నర్సరీ మొక్క వేళ్లకు తరచు జిగురు ఎర్రమట్టి ముద్ద అంటుకుని ఉంటుంది. దానిని మెల్లగా విడదీసి, దుమ్ము పోయేలా జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొద్దిగా కంపోస్టు కలిపి నాటండి. వేళ్లు కత్తిరించిన మామూలు బోన్సాయ్‌కి వెంటనే నీరు పోస్తారు. దీనికి ఆ పద్ధతి పనికిరాదు. పొడి మట్టిలో నాటి, గాయాలు ఆరేదాకా వారం రోజులు నీడలో నీరు లేకుండా ఉంచాలి. ఆకులు ముడతపడితే దాహమని అందరికీ తెలుసు. మట్టి తడిగా ఉండగానే ముడతపడితే మాత్రం వేళ్లు కుళ్లుతున్నాయేమోనని అనుమానించి, మొక్కను పైకి తీసి చూడాలి.

తూర్పు బాల్కనీ, హైదరాబాద్:
స్పాంజితో ఇప్పుడే చేసి చూశాను, మీరు చెప్పినట్లే జరిగింది. నా పళ్లెంలో సగానికి పైగా ఇటుక ముక్కలే ఉన్నాయి. మొక్క బతికింది వాటి వల్లనే అని ఒప్పుకుంటున్నాను. అయినా రూపం కోరుకునే కొత్తవారికి నాలుగంగుళాల లోతున్న వెడల్పాటి మట్టి కుండీని సూచిస్తాను. మేడతోట గారు మాను గురించి అన్నదానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు: మూడేళ్లయినా నా మొక్క కాండం ఇంకా చిటికెన వేలంతే ఉంది.